యరగేరలో విన్న తత్వం

రాయచూరు నుంచి మంత్రాలయం రోడ్డున వెళ్తుంటే యరగేర వస్తుంది. రాఘవేంద్రస్వామి దర్శనానికి వెళ్ళే మనవాళ్ళు బస్సు కిటికీలోంచి చూసి వదిలేసే ఊరు. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, నడుమ నల్లరేగడి, జొన్న, పత్తి. 1956 దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. ఇప్పటికీ అక్కడ కన్నడంలో మొదలైన మాట తెలుగులో ముగుస్తుంది.

రాయచూరులో ఉద్యోగం చేసే రోజుల్లో పంట రుణాల పని మీద వెళ్ళి, ఆఖరి బస్సు తప్పి, ఆ రాత్రి యరగేరలో ఉండిపోయాను. భోజనాలయ్యాక గుడి ముందు భజన. తంబూర పట్టిన పెద్దాయనను చూసి తల దించుకున్నాను. ఆయన బోరుబావి అప్పు దరఖాస్తును ఆ ఉదయమే నేను తిప్పి పంపాను. మూడెకరాల చేను, చుట్టుపక్కల రెండు బోర్లు ఎండిపోయి ఉన్నాయి.

ఆయన పాడింది ఆశ గురించిన తత్వం. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావారు చిడతలతో అందుకున్నారు. మనసు జొన్నల పాతరట. అడుగున ఎలుక కన్నం వేసింది. ఎన్ని బస్తాలు పోసినా నిండదు. కన్నం మూసినవాడికి శేరు గింజలు చాలు. ఆ గడ్డకు ఇలాంటి పాట కొత్త కాదు. ఈ జిల్లాలోని మాన్వి జగన్నాథదాసులవారి ఊరు. పురందరదాసు కూడా వడ్డీ వ్యాపారం వదిలే తంబూర పట్టాడంటారు. మా వృత్తివాడే మరి!

పాట అయ్యాక నేనే కదిపాను. "తాతా, ఆశ వద్దంటావు, అప్పు అడుగుతావు?"

ఆయన నవ్వాడు. "చేనికి నీళ్ళు అడిగేది ఆశ ఎట్లయితది సారూ? పక్కోని చేను అడిగితే ఆశ."

అప్పటికే బెంగుళూరులో రెండో ఇంటి స్థలానికి అప్పు పెట్టుకుని ఉన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తిరిగి వెళ్ళాక ఆయన కాగితాలు మళ్ళీ తీసి సిఫారసు రాశాను. బోరు పడింది. నాలుగేళ్ళకు ఎండింది కూడా. మిగిలిన కంతులు ఎద్దులు అమ్మి కట్టారని తర్వాత తెలిసింది. నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తేల్చుకోలేను. స్థలం మాత్రం అమ్మలేదు.

మొన్న పిల్లలతో మంత్రాలయం వెళ్తూ అక్కడ ఆగాం. పెద్దాయన లేరు. కొడుకు అదే తంబూర దించి పాడి వినిపించాడు. మా అబ్బాయి శ్రద్ధగా విని అర్థం అడిగాడు. పాతర అంటే ఏమిటో దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది.