వేళ్లు కాయలు కాసేదాకా

గిటార్ మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది మానేసేది మొదటి పాట చేతికి రాకముందే. ఉక్కు తీగల్ని ఎడమచేతి వేళ్ల కొసలతో మెట్ల మధ్య నొక్కిపట్టాలి. తొలి వారాల్లో కొసలు ఎర్రబడి మండుతాయి. మోగాల్సిన తీగ టక్కుమని ఊరుకుంటుంది. రోజూ వాయిస్తే మూడు నాలుగు వారాలకు చర్మం గట్టిపడి కాయ కడుతుంది. కొన్నాళ్లు గోడకు ఆనించి వదిలేస్తే ఆ కాయ మెత్తబడి వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది. ఫెండర్ గిటార్ల కంపెనీకి అధిపతిగా ఉన్న రోజుల్లో ఆండీ మూనీ ఒక లెక్క చెబుతుండేవారు: కొత్తగా కొన్నవాళ్లలో నూటికి 90 మంది ఏడాది తిరక్కుండానే వదిలేస్తారట. అమ్ముకునేవాడే చెప్పిన లెక్క కాబట్టి కొట్టిపారేయడానికి వీల్లేదు.

పిల్లవాడు మానేస్తే ఇంట్లో సోమరితనం అంటారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో వాద్యాలు నేర్చే చోట్లు చూస్తూ పోయినప్పుడు ఆ మాట సగమే నిజమనిపించింది. 2016 అక్టోబరు 11న, ప్రధానంగా పాత వరంగల్ జిల్లాను విడదీసి ఏర్పరచిన జిల్లాలివి. డోలు, మద్దెల, గిటార్ మూడూ ఇక్కడ వినిపిస్తాయి. పట్టుదల ఎంతుందన్నదాని కన్నా, పక్కన ఎవరున్నారు, ఏ రోజుకు వాయించాలి అన్నవే నేర్చుకునేవాణ్ని ఎక్కువగా నిలబెడుతున్నాయి.

జనగామ జిల్లాలో ఈ సంగతి ఒగ్గుకథ దగ్గర బాగా అర్థమవుతుంది. లింగాల ఘనపురం మండలం మాణిక్యపురం చుక్క సత్తయ్య ఊరు. ఒగ్గుకథను కులదేవతల కొలుపుల నుంచి రేడియోకూ, నగర వేదికలకూ చేర్చిన కళాకారుడాయన. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2017 నవంబరులో కన్నుమూశారు. బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ కథలు ఈ మేళాల సొత్తు. ప్రధాన కథకుడు, వంత పలికేవాడు, డోలు, తాళాలు ఉంటే కథ లేచి నిలబడుతుంది.

కొత్తగా చేరిన పిల్లవాడికి సాధారణంగా ముందు దొరికేది తాళం. తాళం వేసేవాడు తప్పినా డోలు కప్పేస్తుంది, కథ ఆగదు. అయినా వాడు మేళంలో మనిషే. గజ్జెలు కట్టుకుంటాడు, బండారి పెట్టుకుంటాడు, తెల్లవార్లూ మేలుకుంటాడు. వంత పలకడం ఆ పక్కనే అబ్బుతుంది. కథకుడు ఒక మాట అని ఆగినప్పుడు ‘ఆహా’ అనాలన్నా, ఆ చివరి పదాన్నే తిరిగి అందుకోవాలన్నా కథ ఎటు పోతోందో తెలియాలి. ఇలా నెలల తరబడి వింటూ గడిపాక చేతికి డోలు వస్తుంది. అప్పటికి దరువు చెవిలో ఉంటుంది, చేతికి రావడమే మిగిలుంటుంది. ఫోన్ చూస్తూ గిటార్ నేర్చుకునే కుర్రాడి పరిస్థితి దీనికి తలకిందులు. వేళ్లు ఎక్కడ పెట్టాలో బొమ్మ చూసి తెలుసుకుంటాడు, ఆ ధ్వని పాటలో ఎక్కడ కూర్చుంటుందో చెవికి ఇంకా తెలియదు.

డోలు నొప్పి గిటార్ నొప్పికి తీసిపోదు. ఒక ముఖం మీద పుల్ల, రెండో ముఖం మీద అరచెయ్యి. డోలు తగిలించుకుని గంటలకొద్దీ నిలబడాలి. విన్యాసాలు చేసే బృందాల్లోనైతే ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి వాయించాలి. మెడ దగ్గర తాడు ఒరుసుకుని కమిలిపోతుంది. అరచెయ్యి మంట పుడుతుంది. ఇంత ఉన్నా మధ్యలో ‘ఇవాళ మనసు బాగా లేదు’ అనే వీలు ఉండదు, ఎందుకంటే తేదీ ముందే ఖాయమై ఉంటుంది. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం సాగుతుంది. ఆ గుడి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లినా చుట్టుపక్కల మేళాలకు ఆ మూడు నెలలే పెద్ద సీజన్. పట్నాలు వేయించుకునే ఇళ్లవాళ్లు ముందే మాట తీసుకుంటారు. దసరాకు పుల్ల పట్టినవాడు సంక్రాంతికల్లా ఒక దరువైనా నిలబెట్టాల్సిందే.

దీన్ని మరీ అందంగా చెప్పుకోవాల్సిన పని లేదు. కులవృత్తి కాబట్టి ఇందులో పొట్టకూటి ఒత్తిడి ఉంది, తండ్రి మాట కాదనలేని మొహమాటమూ ఉంది. డోలు వదిలేసేవాళ్లు లేరనీ కాదు. అయితే వాళ్లు వదిలేది విసుగు పుట్టి కాదు, హైదరాబాద్‌లో నెల జీతం దొరికి.

ఇదే జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఐదు దశాబ్దాల్లో 19 వేలకు పైగా ప్రదర్శనలని పురస్కార ప్రకటన చెప్పింది. చిందు మేళాల్లో ప్రహ్లాదుడు, లోహితాస్యుడు పిల్లల వేషాలు. పిల్లలు చేయగలిగిన పని ఆటలోనే ఉంది కాబట్టి ‘నేర్చుకున్నాక ఎక్కుదువులే’ అని చెప్పి వాళ్లను కింద కూర్చోబెట్టరు.

మహబూబాబాద్ జిల్లాలో గిటార్‌కు ఒక సొంత ఇల్లుంది. అది చర్చి. కాజీపేట-విజయవాడ రైలుమార్గంలో డోర్నకల్ జంక్షన్. అక్కడి ఎపిఫనీ కథీడ్రల్‌కు 1939లో ప్రతిష్ఠ జరిగింది. గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన కట్టడమది. దాన్ని కట్టించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. 1912లో డోర్నకల్ పీఠం ఎక్కి 1945లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. ఆరాధన ఇక్కడి పాటలో, ఇక్కడి రాగంలో సాగాలన్నది ఆయన పట్టు. తెలుగు సంఘాలు పాడుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఈనాటికీ పాట మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి.

పల్లె చర్చిలో వాద్యాలంటే ముందు హార్మోనియం, డోలక్, కంజిర. గిటార్ తర్వాత వచ్చింది. వచ్చాక కుర్రాళ్లు దాన్నే పట్టుకున్నారు. ఇక్కడ ఆసక్తిని నిలబెట్టేది ఆదివారం. వారం తిరిగేసరికి అదే వాకిట్లో, అదే మనుషుల ముందు కూర్చోవాలి. జి, సి, డి, ఇ మైనర్ నాలుగు కార్డులు వస్తే చాలా పాటలు నడిచిపోతాయి. పాడే ఆమె శ్రుతి ఎక్కువైతే మెడ మీద కేపో అనే క్లిప్పు బిగించి అవే నాలుగింటితో నెట్టుకురావచ్చు. కొత్తవాళ్లను హడలగొట్టేది ఎఫ్ కార్డ్: చూపుడువేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కాలి. పాఠ్యపుస్తకం పట్టుకున్న మాస్టారు రెండో నెలలోనే దాని మీద కూర్చోబెడతాడు. చర్చి కుర్రాడు కేపోతో దాన్ని ఆరు నెలలు వాయిదా వేస్తాడు. ఈలోగా వేళ్లకు బలం వస్తుంది. శాస్త్రం ఒప్పుకోకపోవచ్చు గానీ ఈ వాయిదాయే తెలివైన పని.

చిక్కు తాళం దగ్గర వస్తుంది. ఫోన్ పాఠాలన్నీ ఒకటి రెండు మూడు నాలుగు లెక్కలో నడుస్తాయి. కీర్తనల్లో చాపు తాళానివి కొన్ని ఉన్నాయి. మిశ్రచాపు అయితే తకిట-తకధిమి, మూడూ నాలుగూ కలిసి ఏడు. నాలుగుకు అలవాటుపడ్డ కుడిచెయ్యి మొదటి చరణంలోనే ఎనిమిదో దెబ్బ వేసి బయటపడుతుంది. ఒంటరిగా గదిలో ఉంటే ఆ తప్పు ఏమిటో తెలియక పుస్తకం మూసేస్తారు. ఇక్కడ పక్కనున్న డోలక్ పెద్దాయన తల తిప్పి ఒక చూపు చూస్తాడు. కుర్రాడు తీగల్ని అరచేత్తో మూసి ఒక ఆవర్తం ఊరుకుని, మళ్లీ ‘తకిట’ దగ్గర అందుకుంటాడు. ఇది ఏ పాఠంలోనూ ఉండదు. ఎక్కడ వాయించకూడదో తెలిసినవాడు సాధారణంగా వదిలేయడు.

భూపాలపల్లికి రైలు లేదు. హన్మకొండ నుంచి పరకాల మీదుగా బస్సు ప్రయాణమే. ఈ జిల్లా నుంచి 2019లో విడిపోయిన ములుగులో మేడారం ఉంది. సమ్మక్క-సారలమ్మ జాతర రెండేళ్లకోసారి. ఆ కథల్నీ కోయ గోత్రాల వంశచరిత్రల్నీ డోలు మీద చెప్పేవాళ్లు డోలీలు. మణుగూరు ప్రాంతపు డోలీ సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. రెండేళ్ల దూరంలో ఉన్న జాతర ఒక్కటే ఎవరి చేతా రోజూ సాధన చేయించలేదు. మధ్యలో వచ్చే ఇలవేల్పుల కొలుపులే డోలీ చేతిని ఆరనివ్వవు.

భూపాలపల్లి పట్టణం బొగ్గుది. సింగరేణి కేటీకే గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం. క్వార్టర్లలో గిటార్ కొన్న యువకుడికి మేళమూ లేదు, ఆదివారపు ఆరాధనా ఉండకపోవచ్చు. ఉండేది షిఫ్టు. ‘రోజూ సాయంత్రం ఆరింటికి’ అని పెట్టుకున్న నియమం షిఫ్టు మారగానే చెదిరిపోతుంది. గడియారం బదులు పనిని గుర్తు పెట్టుకున్నవాళ్లకు సాధన నిలుస్తుంది: డ్యూటీ దిగి, స్నానం చేసి, అన్నానికి ముందు పావుగంట. రోజూ పావుగంట వాయిస్తే కాయ కడుతుంది. వారానికోసారి రెండు గంటలు వాయిస్తే పొక్కులు మాత్రమే వస్తాయి. తేదీ కావాలంటే వినాయక చవితి పందిరి ఉంది, డిసెంబరు 23న సింగరేణి ఆవిర్భావ దినోత్సవం ఉంది. ఒక్క పాటకు పేరు ఇచ్చేసి, పాడే స్నేహితుణ్ని ముందే ఒప్పించుకుంటే మిగతాది ఆ స్నేహితుడి పోరే చూసుకుంటుంది.

చవక గిటార్లతో ఇంకో తంటా ఉంది. తీగలు మెట్లకు మరీ ఎత్తులో ఉంటాయి, నొక్కడానికి రెట్టింపు బలం కావాలి. చాలామంది తమ వేళ్లదే లోపమనుకుని మానేస్తారు. వంతెన దగ్గరి తెల్లపట్టీ అడుగు భాగాన్ని కాస్త అరగదీయిస్తే తీగలు దిగుతాయి. వేసవిలో రేకుల గదిలో వదిలేస్తే కొయ్య ఎండి మెడ వంగుతుంది, సర్దిన ఎత్తు మళ్లీ మారుతుంది. అన్నిటికన్నా ముందు తెగేది సన్నటి మొదటి తీగ. దుకాణం కోసం హన్మకొండ దాకా వెళ్లాల్సిన చోట విడి తీగ ఒకటి సంచిలో లేకపోతే సాధన వారం రోజులు ఆగిపోతుంది.