వానలెక్కల ఫైలు

12 జూన్ 2023, కరీంనగర్

మిరుగం (మృగశిర కార్తె) వచ్చి నాలుగు రోజులైనా చినుకు లేదు. నేను మాత్రం పాత వానలతో కుస్తీ పడుతున్నా. ఉమ్మడి కరీంనగర్‌లో 57 మండలాలు, ఉమ్మడి ఆదిలాబాద్‌లో 52. 1991 నుంచి 2020 దాకా రోజువారీ వర్షపాతం ఒక్కచోట చేర్చాలి. 10,958 రోజులు ఇంటూ 109 మండలాలు, 11,94,422 అంకెలు. ఎక్సెల్ షీటులో ఉన్నవి 10,48,576 వరుసలే. అంకెకో వరుస చొప్పున దించితే చివరి మూడేళ్ల ఎనిమిది నెలల వానకు జాగ లేదు. 2007కు ముందైతే 65,536 వరుసలకే షీటు అయిపోయేది.

రోజులు నిలువునా, మండలాలు అడ్డంగా వేస్తే పడుతుంది. కానీ వీబీఏ మాక్రో ఒక్కో గడిని ముట్టుకుంటూ పోతే పొద్దు గూకుతుంది. రేంజి మొత్తాన్ని ఒకే వాక్యంతో అర్రేలోకి ఎత్తుకుని, లెక్కలు మెమొరీలోనే చేసి, ఫలితాన్ని ఒక్కసారే షీటు మీద దించాలి. చిక్కల్లా ఎక్సెల్ మూసినప్పుడు. అర్రే పోతుంది, తెల్లారి మళ్లీ మొదటికి.

15 జూన్

ఆదిలాబాద్ నుంచి తమ్ముడి ఫోను. "షీటు ఎందుకే అన్నా, అర్రేను సీదా డిస్కు మీద రాసెయ్యరాదు?"

రాయొచ్చు. ఫైలును బైనరీగా తెరిచి 'పుట్' అంటే అర్రే అంతా ఒక్క దెబ్బకు డిస్కు మీదికి పోతుంది, 'గెట్' అంటే తిరిగొస్తుంది. అయితే అర్రే కొలతలు మాత్రం ఫైలులో ఉండవు, అంకెలొక్కటే ఉంటాయి. గెట్‌కు ముందే అర్రేను సరైన సైజుకు రీడిమ్ చేయాలి. అందుకే ముందుగా మూడు లాంగ్ అంకెలు రాస్తున్నా: మండలాలెన్ని, రోజులెన్ని, మొదటి తేదీ. 1991 జనవరి 1 ఎక్సెల్ లెక్కలో 33239. ఈ మూడింటికి 12 బైట్లు, వాన మొదలయ్యేది 13వ బైటు నుంచి.

మిల్లీమీటర్లను పదితో హెచ్చవేసి ఇంటిజర్‌గా పెట్టాను, ఒక్కోటి రెండు బైట్లు. 32,767 దాకా పడుతుంది, అంటే ఒక్కరోజులో 3,276 మి.మీ. మన దిక్కు ఏడాదంతా కలిపినా అంత పడదు. డబుల్‌గా పెడితే నాలుగింతలు, వృథా.

19 జూన్

ట్రయల్ ఫైలు చూసి తమ్ముడు పట్టుకున్నాడు: "గా ఖాళీ గడులల్ల సున్నాలెట్ల వచ్చినయే?"

షీటు నుంచి ఎత్తుకున్న వేరియంట్ అర్రేలో ఖాళీ ఖాళీగానే ఉంటుంది. ఇంటిజర్‌కు మారితే సున్నా అయిపోతుంది. కొలత రాయని రోజు కాస్తా వాన లేని రోజవుతుంది, మారుమూల మండలానికి లేని కరువు అంటగట్టినట్టే. అందుకే ఖాళీ కనబడ్డచోటల్లా -1. వర్షపాతంలో రుణసంఖ్య ఉండదు గనుక గుర్తు చెదరదు.

ఊర్ల పేర్లది ఇంకో తంటా. 'ఉట్నూర్' అని రాసి తిరిగి చదివితే ఏడు ప్రశ్నార్థకాలు వరసగా నిలబడ్డాయి. పుట్ అక్షరాలను పాత ఆన్సీలోకి మారుస్తుంది, అందులో తెలుగుకు చోటే లేదు. పేరును ముందు బైట్ అర్రేలో పోసి రాస్తే ఆ ఏడు అక్షరాలూ 14 బైట్లుగా భద్రంగా తిరిగొచ్చాయి. పేర్లకు వేరే ఫైలు పెట్టాను. జిల్లాలను విడదీసిన 2016 అక్టోబరు 11న, ఆ తర్వాత పుట్టిన మండలాలను పాత మండలాల కిందే లెక్కగట్టాను. ఉట్నూర్ ఆదిలాబాద్‌లోనే మిగిలినా కడెం నిర్మల్ జిల్లాకు పోయింది. అందుకే జిల్లా పేరును నమ్ముకోకుండా మండలానికో నంబరు ఇచ్చాను.

28 జులై

నిన్న కడెం ప్రాజెక్టు మళ్లీ దడ పుట్టించింది. పోయినేడు జులై 13 వరద నాటి వాన కావాలని తమ్ముడు అడిగాడు. 2021 నుంచి లెక్కలు ఫైలు చివర అతికించే ఉన్నాయి. షీటుకు భిన్నంగా ఇంటిజర్ అర్రేలో మండలాన్ని ముందు, రోజును వెనక పెట్టినందుకు ఇప్పుడు ఫలం దక్కింది. రీడిమ్ ప్రిజర్వ్ అర్రే చివరి కొలతనే పెంచనిస్తుంది, పెరిగేవి రోజులే కదా. పైగా ఒక రోజు 109 అంకెలూ ఫైలులో పక్కపక్కనే ఉంటాయి. ఆ తేదీ 11,517వ రోజు. 25,10,501వ బైటు దగ్గర ఒక్క గెట్‌తో వచ్చేసింది, మిగతా ఫైలును ముట్టుకోలేదు.

కొలత పొద్దున 8.30కి తీస్తారు కనుక 14వ తేదీది కూడా పంపాను. కింద రాశాను: సరాసరి తీసేముందు -1 ఉన్నవి తీసెయ్యి తమ్మీ, సున్నాలు మాత్రం ఉంచు.