రెండో గేరులో స్కైలైన్

శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన, వుడ్‌సైడ్ నుంచి స్కైలైన్ కొండెక్కే 84వ నంబరు రోడ్డంటే నాకు చాలా ఇష్టం. అందుకే హోండా సివిక్ ఎస్ఐ టెస్ట్ డ్రైవ్‌కి ఆ దారే అడిగాను. 200 హార్స్‌పవర్, ఆరు గేర్లు. ఇందులో ఆటోమేటిక్ అసలు రాదు. "ఈ వయసులో ఆ క్లచ్ తొక్కుడు మీకు అవసరమా?" అంది మా ఆవిడ. తను రాలేదు.

నేను నేర్చుకున్నది తిరుపతిలో, నాన్నగారి ఫియట్ మీద. అక్కడ గేరు ఎడమచేతికి, ఇక్కడ కుడిచేతికి. పైగా ఇరవై ఏళ్ళుగా ఆటోమేటిక్ తోలుతున్నానాయె! మొదటి సిగ్నల్ దగ్గరే బండి ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు. పక్కనున్న సేల్స్ కుర్రాడు నవ్వలేదు. అతనికి గేర్లబండి నడపడమే రాదట!

వుడ్‌సైడ్ దాటాక రెడ్‌వుడ్ చెట్ల నీడలో మలుపులు మొదలయ్యాయి. "మలుపులోకి వెళ్ళాక కాదురా, ముందే గేరు దించు" అని తిరుమల ఘాట్ రోడ్డు మీద నాన్నగారు గదిమేవారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే చెయ్యి రెండో గేరుకి వెళ్ళింది. బండి ఒక్క ఊపున పైకి లంకించుకుంది. ఎడమ మోకాలు మాత్రం మూలిగింది.

కొండమీద కూడలిలో ఆలిసెస్ రెస్టారెంట్ ముందు మోటారుసైకిళ్ళు బారులు తీరి ఉన్నాయి. కాఫీ తాగుతూ ఇంటికి ఫోన్ చేశాను.

"కొనేశారా?"

"ఇంకా కొండ దిగాలి కదా!" అన్నాను.