ఆరోగ్యవరము

స్వామి దర్శనమైన మరునాడు మేము నలుగురము తిరుపతినుండి మదనపల్లెకు బయలుదేరితిమి. భాకరాపేట కనుమ నెక్కి, పీలేరు, వాయల్పాడు గడచుసరికి గాలి మారినట్లు తోచెను. ఎండ యున్నను ఉక్క లేదు. దారిపొడవున బండగుట్టలు, టమాటా గంపలు.

ఈ పొడిగాలిని మెచ్చియే 1915వ సంవత్సరమున కొన్ని క్రైస్తవ మిషనులు కలిసి పూర్వపు చిత్తూరు జిల్లాలోని యీ యూరిచెంత క్షయరోగులకు వైద్యాలయము నెలకొల్పినవి. అదే ఆరోగ్యవరము. తొలి ప్రధానవైద్యుడు డెన్మార్కు దేశీయుడగు డాక్టరు ఫ్రిమోట్ మోలర్. మందు లేని ఆ దినములలో గాలి, విశ్రాంతి, పుష్టినిచ్చు తిండి, ఇవే చికిత్స. ఇప్పుడు అచట అన్ని వ్యాధులకును వైద్యము జరుగుచున్నది.

మేము పోయినది చెట్లనీడ చూచుటకు మాత్రమే కాదు. యుద్ధమున చితికిన దేశముల బిడ్డలకై పుట్టిన యొక రక్షణకార్యము మన గడ్డపై మొదట అడుగిడినది మదనపల్లెలోనే.

1945లో ఫిరంగులు ఆగెను గాని, ఐరోపాలో కూలిన యిండ్లలోను, శరణార్థుల శిబిరములలోను క్షయ చెలరేగెను. ఆకలిగొన్న పసివారికి అది వేగమే అంటుకొనును. 1947లో డెన్మార్కు రెడ్‌క్రాసువారు బి.సి.జి. టీకాతో పోలెండు మొదలగు దేశములకు పోయిరి. మరుసటి యేడు స్వీడన్, నార్వేల సేవాసంఘములును, ఐక్యరాజ్యసమితి బాలలనిధియు తోడైనవి. పాలస్తీనా శరణార్థులకును ఆ టీకా అందెను. 1951 నాటికి దానిని పొందినవారు కోటికి పైబడిరి. మదనపల్లెలో అది ఆరంభమైనది 1948 ఆగస్టున. దేశవిభజన గాయములు మనకింకను పచ్చిగా నున్న కాలమది.

ఆస్పత్రి అరుగుమీద నొక అవ్వ మాటలలో దిగినది. "సూదోళ్లు వచ్చినారని మాయమ్మ నన్ను గడ్డివామి చాటున దాచిపెట్టిందమ్మా. రోగం లేని బిడ్డకు రోగం పురుగు ఎందుకు ఎక్కిస్తారని ఆయమ్మ బాధ."

ఆ తల్లిని చూచి నవ్వుటకు మాకు మనసొప్పలేదు. రాజాజీయంతటివారే 1955లో ఆ టీకాను గట్టిగా ఎదిరించిరి. చెంగల్పట్టు ప్రాంతమున జరిగిన పెద్దపరీక్షలో, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని 1979లో తేలెను. అయినను పసికందుల మెదడుపొరలకు సోకు ప్రాణాంతకమగు క్షయనుండి అది కాపాడును. అందుచేతనే నేటికిని పుట్టిన బిడ్డకు వేయుచున్నారు. ఈ సంగతులు తల్లికి విప్పి చెప్పిన పిదప బిడ్డ చేయి పట్టుకొనుట మర్యాద గదా!

"మరి తప్పించుకొంటివా, అవ్వా?" అని అడిగితిమి.

అవ్వ రవికచేయి పైకి జరిపి మచ్చ చూపెను. మేము నలుగురమును మా యెడమభుజములు తడవుకొంటిమి.