పన్నెండు పుస్తకాలు, పన్నెండు వంటలు

జనవరి వచ్చిందంటే మన సాఫ్ట్‌వేరోళ్ళకి రెండు గోల్ షీట్లు. ఒకటి మేనేజరుకిచ్చేది, రెండోది మనకి మనం రాసుకునేది. మొదటిదాని గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? స్పెసిఫిక్‌గా వుండాలి, మెజరబుల్‌గా వుండాలి అంటూ హెచ్.ఆర్. వాళ్ళు ఏటా అదే స్లైడు వేస్తారు (ఆ 'స్మార్ట్' గోల్స్ అనే ముక్కని జార్జ్ డోరన్ అనే ఆయన 1981లో రాశాడు. మనం పుట్టకముందే మన మెడకి కట్టి పెట్టాడు మహానుభావుడు). రెండోదాంట్లో మామూలుగా జిమ్ము, గిటారు, చక్కెర మానెయ్యడం గట్రా వుంటాయి. నాకు మాత్రం రెండేళ్ళుగా రెండే లైన్లు. ఏడాదికి 12 తెలుగు పుస్తకాలు, 12 కొత్త వంటలు.

ఈ మాట ఆఫీసులో లంచ్ దగ్గర అంటే మా టీమ్‌లో ఒకడు జాలిగా చూశాడు. "నెలకొకటేనా మామా? నేను వారానికొకటి కొడుతున్నా" అన్నాడు. నిజమే, వాడు ఏడాదికి 52 కొడతాడు. ఆడియో పుస్తకం, ఒకటిన్నర స్పీడు, ఓఆర్ఆర్ మీద కారు. గుడ్‌రీడ్స్‌లో 2011 నుంచీ ఈ రీడింగ్ ఛాలెంజ్ అనేది నడుస్తోంది కదా, అందులో వాడి పట్టీ ఎప్పుడూ పచ్చగా నిండిపోయి వుంటుంది. నాకు వాడి మీద ఏ కోపమూ లేదు. కానీ "కొట్టడం" అనే మాట దగ్గర మాత్రం కాస్త ఆగాను.

లెక్కపెట్టడం మొదలుపెట్టగానే లెక్కకి అందేదే పెరుగుతుంది. ఇది మన వృత్తిలో వున్నవాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. టెస్టర్ల అప్రైజల్‌కి బగ్గుల సంఖ్య కలిపి చూడండి, ఒక బగ్గు మూడు టికెట్లవుతుంది. స్టోరీ పాయింట్లు చూస్తామనండి, నిన్న మూడు పాయింట్ల పని ఇవాళ ఎనిమిదవుతుంది. 1982లో ఆపిల్‌లో మేనేజర్లు వారానికెన్ని లైన్లు కోడ్ రాశారో ఫారంలో నింపమంటే, బిల్ అట్కిన్సన్ తన కోడ్‌ని తిరగరాసి చిన్నదీ వేగమైనదీ చేసి, ఫారంలో మైనస్ 2000 అని రాశాడు. కొన్ని వారాలకి ఆయన్ని ఆ ఫారం అడగడం మానేశారట. 1975లో చార్ల్స్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త బ్రిటన్ ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట కూడా ఇదే బాపతు. కొలతనే గురి చేసుకుంటే అది కొలతగా పనికిరాకుండా పోతుంది అని జనం దాన్ని చెప్పుకుంటారు.

అయినా ఇంత దూరం వెళ్ళనక్కర్లేదు. మన ఇంటర్మీడియెట్ చూడండి. సెకండ్ లాంగ్వేజ్ కింద తెలుగు తీసుకుంటే మార్కులు రావు, సంస్కృతం తీసుకుంటే నూటికి తొంభై తొమ్మిది. మా కాలేజీలో అసలు అడగనే లేదు, ఎంపీసీ వాళ్ళందరికీ సంస్కృతం అని వాళ్ళే టిక్కు పెట్టి అప్లికేషన్ ఇచ్చారు. నాకు తొంభై ఎనిమిది వచ్చాయి. ఇవాళ నాకొచ్చిన సంస్కృతం ఏమిటయ్యా అంటే "రామః రామౌ రామాః", అంతే. పోయిన తెలుగు ఎంతో తెలియాలంటే మాత్రం లెక్క చూడాల్సి వచ్చింది. పదో తరగతి తర్వాత, అంటే పదిహేనో ఏట నుంచి, నేను తెలుగులో చదివింది సినిమా పోస్టర్లూ, బస్సు బోర్డులూ, పెళ్ళి పత్రికలూ. రెండేళ్ళ కిందట స్టాప్‌వాచ్ పెట్టి చూసుకున్నాను. ఇంగ్లీషు పేజీకి నిమిషంన్నర పట్టింది, తెలుగు పేజీకి నాలుగు నిమిషాల పైనే. ఇంట్లో మాట్లాడే భాష, తిట్టుకునే భాష, కలలొచ్చే భాష. అందులో ఒక పేజీ చదవడానికి వేలు పెట్టి కూడబలుక్కోవాల్సి వస్తోంది. ఇంకో పదేళ్ళు ఇలాగే వదిలేస్తే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మా అక్క పిల్లలు అమెరికాలో తెలుగు చక్కగా మాట్లాడతారు, అక్షరం రాదు. వాళ్ళకీ నాకూ మధ్య తేడా కొద్దికొద్దిగా తగ్గుతోందన్నమాట.

అందుకే పుస్తకాల లైను. డిసెంబర్లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెడతారు కదా, అక్కడ కొన్నవి కొన్ని. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద దొరికినవి కొన్ని. మొదట చదివింది 'అతడు అడవిని జయించాడు'. కేశవరెడ్డిగారిది, సన్నటి పుస్తకం. ఒక ముసలాయన, తప్పిపోయిన పంది, అడవి. రెండు రోజుల్లో అయిపోవాల్సింది, నాకు తొమ్మిది రోజులు పట్టింది. తర్వాత సత్యం శంకరమంచిగారి 'అమరావతి కథలు'. నూరు కథలున్నా ఒక్కొక్కటీ మూడు నాలుగు పేజీలే కాబట్టి మియాపూర్ నుంచి మెట్రోలో ఆఫీసుకెళ్ళే లోపు రెండు అయ్యేవి, తర్వాత్తర్వాత నాలుగు. ఇప్పుడు స్టాప్‌వాచ్‌లో పేజీకి రెండుంపావు. అది చూసినప్పుడు కలిగిన ఆనందం అప్రైజల్ రేటింగ్ చూసినప్పుడు ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడు లెక్క దగ్గరికొద్దాం. కేశవరెడ్డిగారి సన్నటి నవలా ఒకటే, విశ్వనాథవారి 'వేయిపడగలు' కూడా ఒకటే. అది దాదాపు వెయ్యి పేజీలు. దాన్ని హిందీలో 'సహస్రఫణ్' పేరుతో అనువదించిన పి.వి. నరసింహారావుగారు ఏ ఛాలెంజ్‌లోనైనా వుండివుంటే ఆయన పట్టీలో కూడా ఒకటే పడేది. సంఖ్య ఎక్కువైన కొద్దీ చెయ్యి తెలియకుండానే సన్నటి పుస్తకం వైపు పోతుంది. అందుకే నేను మొదట్లోనే సంఖ్య తక్కువ పెట్టుకుని దానికి షరతు ఎక్కువ పెట్టుకున్నాను. పుస్తకమైతే, చదివాక ఎవరో ఒకరికి ఆ కథ తెలుగులో చెప్పాలి. చెప్తేనే లెక్క. వంటైతే మూడుసార్లు చెయ్యాలి, మూడోసారి ఫోన్ చూడకుండా చెయ్యాలి. అప్పుడే లెక్క. ఒక్కసారి చేసిన వంట నా దృష్టిలో హలో వరల్డ్. ఇరవై నాలుగు భాషల్లో హలో వరల్డ్ రాసినవాడిని మీరు ఉద్యోగంలోకి తీసుకుంటారా?

వంటల విషయంలో నా అదృష్టం మా ఫ్లాటు. మాది కర్నూలు వైపు. ఒక రూమ్మేటుది కరీంనగర్, ఇంకొకడిది రాజమండ్రి. మూడు వైపుల నుంచీ అమ్మలు ఫోన్లో. యూట్యూబ్‌లో దొరకదా అంటే దొరుకుతుంది, కాకపోతే అసలు కిటుకు చాలా వీడియోల్లో జారిపోతుంది. సర్వపిండి చూడండి. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లిపాయ, కారం, అన్నీ కలిపి గిన్నెకి వత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె పోసి కాల్చడం. మొదటిది అద్భుతంగా వస్తుంది. రెండోది వత్తుతుంటేనే గిన్నెకి అతుక్కుని చేతికొచ్చేస్తుంది. "గిన్నెను సల్లగ కానియ్యి బిడ్డా, బోర్లిచ్చి మీద నీళ్ళు పొయ్యి, గప్పుడు రెండోది వత్తు" అంది మావాడి అమ్మ. అలాగే కందా బచ్చలి. అంతా ఉడికాక దింపి, నూరిన ఆవ కలపాలి. "ఆవ పెట్టాకా మళ్ళీ పొయ్యెక్కించకండి బాబూ, పాడైపోద్ది" అన్నారు రాజమండ్రి అమ్మగారు. ఆవాలు నీళ్ళలో నలిగినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, పొయ్యి మీద అది నిలవదు. ఇది తెలిశాక ఆ వంటలో పెద్ద కష్టం లేదు. రెండూ మూడేసి ఆదివారాల్లో లెక్కలోకొచ్చాయి.

జొన్నరొట్టె మాత్రం రాలేదు. మా ఇంట్లో తరతరాలుగా రోజూ చేసేది కాబట్టి అది "కొత్త వంట" ఎలా అవుతుందని మావాళ్ళు గొడవ. నాకు రాదు కాబట్టి నాకు కొత్తే. మా అవ్వకి ఎనభై రెండు. కంటి ఆపరేషన్ అయ్యాక పొయ్యి దగ్గర కూర్చోవడం లేదు. అమ్మకి స్కూలు ఉద్యోగం, పొద్దున టైముండదు, చపాతీ చేస్తుంది. అంటే నాకు తెలియకుండానే మా ఇంట్లో రొట్టె ఆగిపోయింది. ఎవరూ ప్రకటించలేదు, ఒక రోజు అని లేదు. సాయంత్రమైతే హైదరాబాద్ రోడ్ల పక్కన వేడి వేడి జొన్నరొట్టెలు అమ్ముతున్నారు, కొనుక్కోవచ్చు, నేనూ కొంటాను. కానీ అవ్వ చేతిలో వున్నది అవ్వతోనే పోతుందంటే ఎందుకో ఊరుకోబుద్ధి కాలేదు.

గోధుమపిండికి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ జొన్నలో వుండదు. చల్లనీళ్ళతో కలిపితే ఇసకే. మరిగే నీళ్ళు పోస్తే పిండిలో స్టార్చి ఉడికి జిగురొస్తుంది, ఆ వేడి మీదే అరచేత్తో బాగా మెదపాలి. పిండి పాతదైతే ఎంత మెదిపినా పగులుతుంది. ఇంతవరకూ సైన్సు. నీళ్ళెన్ని పొయ్యాలో చెప్పమని అవ్వని అడిగాను, కప్పుకి కప్పు అంటే రాసుకుందామని పెన్ను కూడా పట్టుకున్నాను.

"పిండి అడుగుతాది లేరా, అడిగినన్ని పొయ్యి" అంది.

వీడియో కాల్ చేస్తే అవ్వ ఫోను చెవికి పెట్టుకుంటుంది. కాబట్టి నాకు అవ్వ చెవి కనిపిస్తుంది, అవ్వకి నా రొట్టె కనిపించదు. చప్పుడు విని చెప్తుంది. నమ్ముతారో లేదో, తట్టే చప్పుడు విని "అంచులు పగుల్తాండాయి గదా, సెయ్యి తడి సేసుకో" అనేది. పెనం మీద వెయ్యగానే పైన తడిగుడ్డతో నీళ్ళు రాయాలి, ఆ తడి ఆరేలోపే తిరగెయ్యాలి. దాదాపు ఆర్నెల్ల ఆదివారాలు పట్టింది. నా నియమం ప్రకారం మూడుసార్లు చాలు, కానీ ఆ మూడుసార్లకి ముందు ఇరవైసార్లుంది. విరిగినవి కూడా చెనిక్కాయల ఊరిబిండి వేసుకుంటే బాగానే వుంటాయి, మా రూమ్మేట్లు ఎప్పుడూ కంప్లైంట్ చెయ్యలేదు. ఆ ఆర్నెల్లలో నా పట్టీలో పడింది ఒకటి.

మరి సంఖ్య అంత పనికిమాలినదైతే అసలు ఎందుకూ అని అడగొచ్చు. మనసుకి నచ్చినప్పుడు చదువు, నచ్చినప్పుడు వండు అని మా బావ అంటాడు. నా మట్టుకు నాకు అది కుదరదు. ప్రొడక్షన్ ఇష్యూతో శనివారం పోతుంది, ఆదివారం పదకొండింటికి లేచి ఫోను పట్టుకుంటే సాయంత్రం నాలుగు. నచ్చేదాకా చూస్తూ కూర్చుంటే ఏ ఆదివారమూ నచ్చదు. 12 అనేది గోడ మీద రాసుంటే కనీసం లేచి పిండి డబ్బా మూత తీస్తాను. ఆ అంకెతో నాకు అంతే పని. ఆ తర్వాత అది నన్ను తొందరపెట్టకుండా వుండడానికే షరతులు.

ఇంకో సంగతి. పుస్తకం ఎవరికైనా చెప్పాలనే షరతుకి మొదట్లో రూమ్మేట్లే బలి. రొట్టె కాలుతుండగా అవ్వతో మాటల్లో ఒకసారి నామిని 'పచ్చనాకు సాక్షిగా' గురించి చెప్పబోయాను. నామిని భాష చిత్తూరు యాస, దాన్ని నా మాటల్లోకి మార్చి చెప్తే ఏం బాగుంటుందని పుస్తకమే పైకి చదివాను. అవ్వకి చదువు రాదు. జీవితంలో ఏ పుస్తకమూ ఎవరూ ఆమెకి చదివి వినిపించినట్టు లేదు, హరికథలు తప్ప. నేను తడబడుతూ చదువుతుంటే, నాకు అర్థం కాని మాటల దగ్గర ఆమె నవ్వుతోంది. రెండు చోట్ల ఆపి అర్థం చెప్పింది కూడా. పేజీకి నాలుగు నిమిషాల మనిషిని నేను, అక్షరం రాని మనిషి ఆమె. ఇద్దరిలో ఆ పుస్తకం ఎవరికి బాగా వచ్చో నాకు అప్పుడు తెలిసింది.

మరుసటి వారం రొట్టె సంగతి అడగనే లేదు. "ఆ పిల్లోని కత ఇంగోటి సదువు" అంది.

ఈ ఏడాది ఇప్పటికి పుస్తకాలు ఐదు, వంటలు నాలుగు. నామిని రెండు వారాల్లో అయిపోవాల్సింది, అవ్వ అడిగినవి మళ్ళీ చదవడం వల్ల మూడో నెల నడుస్తోంది. 'వేయిపడగలు' నాలుగొందల పేజీ దగ్గర ఆగింది. అది అవ్వకి చదివితే వింటుందా అని ఒక అనుమానం, చూడాలి. వంటల్లో ఉగ్గాని రెండుసార్లయింది. బొరుగులు ఎంతసేపు నానాలో ఇంకా చేతికి అందలేదు. రాత్రి అడిగితే "మెత్తగయ్యే లోపల పిండల్ల" అంది. ఎంతసేపట్లో మెత్తగవుతాయవ్వా అంటే ఫోను అమ్మకిచ్చేసింది.