నాణెమునకు నీరు

కర్ణాటకమునందలి పావగడలో సాయంకాలము శుద్ధజలకేంద్రము ముందర నిలిచి, నాణెము వేసి, ఇరువది లీటర్ల క్యాను నిండువరకు వేచియుండు ఆ కొద్దిసేపు నా ఆలోచనలకు అనువైన కాలము. బోరునీటిలోని ఫ్లోరైడును వడగట్టు ఆ యంత్రము ఒక గొట్టమున మనకు మంచినీరిచ్చుచు, వెనుకనున్న వేరొక గొట్టమున చవిటినీటిని కాలువలోనికి వదలుచుండును. ఆ ధార మన ధారకంటె సన్నమని చెప్పజాలను.

జనము పెరుగుటవలననే భూగర్భము ఎండినదని పెద్దలందురు. పెరిగినమాట నిజమే, కాని 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము కర్ణాటకమున స్త్రీకి సగటు సంతానము 1.7 అని తేల్చినది; తరమునకు తరము సరిపోవుటకు 2.1 కావలెను గదా! మా అవ్వ ఇంట ఆరుగురు పిల్లలు రాగిముద్ద తిని, ఒక తొట్టినీటితో దినము గడపిరి. మేము ముగ్గురమే, వానచినుకుతో పండు రాగిని విడిచి, మడినిండ నీరు త్రాగు వరిబియ్యపు మూటను అంగడినుండి మోసి తెచ్చుకొనుచున్నాము, బట్టలుతుకుటకు యంత్రమొకటి.

మా పావగడ తాలూకాలోనే తిరుమణి పరిసరమున ఐదు గ్రామములలో నీరు చాలక వేరుసెనగ పలుమార్లు ఎండిన సుమారు 13,000 ఎకరముల మెట్టనేల నేడు 2,050 మెగావాట్ల సౌరపలకలను మోయుచున్నది. రైతులు భూమిని అమ్ముకొనక, ఆరంభమున ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలుకిచ్చుట మేలైన పద్ధతియే యని నా తలంపు. కౌలుకిచ్చుటకు నేలలేని కూలివారి మాట వేరు. ఆ పలకలపై దుమ్ము కడుగుటకును నీరే కావలెను!

"అన్నా, నీ క్యాను నిండె, తీస్కో" అని వెనుకనున్న ఆమె కేక వేసినది. అప్పటికే నా చెప్పులు తడిసియున్నవి.