శీతకాలపు సెలవులలో రంభ దాకా

మా బరంపురంలో డిసెంబరు చలి పెద్ద చలి కాదు. తెల్లవారుజామున కాస్త మంచు దిగుతుంది, ఎనిమిదింటికి ఎండ కాస్తుంది, పదింటికి స్వెట్టరు ఒంటిమీదనుంచి చేతిమీదికి వస్తుంది. కోరాపుట్ నుంచి బదిలీ అయి మా ఆఫీసుకు వచ్చిన గుమాస్తాలు మా మఫ్లర్లు చూసి నవ్వుతూ ఉంటారు. నవ్వితే నవ్వనీ, తిరగడానికి ఇంతకన్న మంచి కాలం మాకు లేదు.

2024 డిసెంబరు చివరి వారంలో నేను మూడు రోజులు సెలవు పెట్టాను. ఇంట్లో ఎవరికీ జ్వరం లేకుండా, చుట్టాలలో ఎవరి పెళ్ళీ కాకుండా సెలవు పెట్టడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. కారణం మా చిన్నపిల్ల. మూడేళ్ళు దాటి నాలుగు నెలలు అయింది గాని, దానికి మాటలు ఆలస్యం.

దసరాకు ముందు బడిలో పంతులమ్మ నన్ను పిలిపించింది. మంచి అమ్మాయే, పేరెందుకు? "మీ పాప క్లాసులో నోరు విప్పదు. ఇంట్లో రెండు భాషలు, ఇక్కడ మూడోది. పిల్ల తికమకపడుతున్నది. కొన్నాళ్ళు తెలుగు ఆపి ఒడియా ఒక్కటే మాట్లాడి చూడండి" అన్నది. మెట్రిక్ దాకా చదివినవాణ్ణి, ఎదురు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇంటికి వచ్చి అందరికీ చెప్పాను. మా ఆవిడ సరేనన్నది. పెద్దవాడు ఎలాగూ ఒడియా బడిలో చదివినవాడే.

మా అమ్మ మాత్రం ఏమీ అనలేదు. అమ్మకు ఒడియా రాదని కాదు. సోంపేట నుంచి ఈ ఇంటికి కాపురానికి వచ్చి యాభై ఏళ్ళు కావస్తున్నది. కూరగాయల బేరం, పాలవాడితో తగువు, పక్కింటివారితో లోకాభిరామాయణం అన్నీ ఒడియాలోనే నడిపిస్తుంది. కాని బేరమాడే భాష వేరు, పిల్లను ఒళ్ళో వేసుకుని ఊపే భాష వేరు. నాలుగు రోజులు కష్టపడి మాట్లాడింది. తరువాత తరువాత మానుకున్నది. అన్నం కలిపి ముద్ద పెట్టేది, నోరు తుడిచేది, జడ వేసేది, అన్నీ మౌనంగానే. పిల్ల కూడా దాని మొహంలోకి చూసి చూసి ఊరుకునేది. రెండు నెలలు మా ఇల్లు ఎవరో నిద్రపోతున్న ఇల్లులా ఉండేది.

క్రిస్మస్‌నాడు తప్తపాణి వెళ్ళాము. బస్సు నిండా జనం, వేడినీటి గుండం దగ్గర గంధకం వాసన, పిల్ల ఏడుపు. దాన్ని గురించి ఇంతకన్న వ్రాయవలసినదేమీ లేదు.

మర్నాడు లక్ష్మివారం, మార్గశిరంలో కడపటిది. పక్కింటి ఒడియావారి గురువారం పూజలు అప్పటికే అయిపోయినవి. వారి నెల పున్నమతో ముగుస్తుంది, మనది అమావాస్యతో. అందుచేత లక్ష్మీదేవి వారింటికి పదిహేను రోజులు ముందుగా వచ్చి, అక్కడ పూజలందుకుని మన ఇంటికి వస్తుందని మా అమ్మ లెక్క. వారు బియ్యపు పిండి నీళ్ళలో కలిపి గోడమీద, గుమ్మంలో వేసే ముగ్గును ఝోటి అంటారు. వరి కంకులు, దేవి పాదాలు వేస్తారు. కొత్త ధాన్యం నింపిన మాణం పెట్టి పూజ చేస్తారు. పక్కింటి గోడమీద ఆ పాదాలు ఇంకా చెరగలేదు. మా వాకిట్లో మా ఆవిడ ముగ్గు వేస్తూంటే పిల్ల పిండి గిన్నెలో చెయ్యి ముంచి గడపమీద అరచెయ్యి అచ్చు కొట్టింది. ఒకటి కాదు, ఏడు. అమ్మ వంగి చూసింది. ఏదో అనబోయి నా వంక చూసి ఆగిపోయింది.

ఆ చూపు నాకు రోజంతా గుచ్చుకుంది.

శుక్రవారం గోపాలపురం వెళ్ళాము. ఊరికి పదహారు కిలోమీటర్లు. మాకు సముద్రమంటే అదే. ఒకప్పుడు అది ఓడరేవు. ఇక్కడనుంచి ఓడలు రంగూనుకు వెళ్ళేవి. గంజాం జిల్లానుంచి బర్మాకు కూలికి వెళ్ళినవారిలో మన తెలుగువారు ఎంతమందో. ఇప్పుడు ఒడ్డున పాత గిడ్డంగుల మొండిగోడలు, లైటుహౌసు, బఠాణీల బండ్లు, కలకత్తానుంచి వచ్చిన యాత్రికులు. స్నానానికి మంచి చోటు కాదు. అలలు చలికాలంలో కూడా కాళ్ళ కింద ఇసుక లాగేస్తాయి. మేము మోకాలి లోతు దాటలేదు. పిల్ల ప్రతి అల వచ్చినప్పుడూ నా లుంగీ పట్టుకుని వెనక్కి లాగింది, అల వెళ్ళగానే ముందుకు లాగింది.

గోపాలపురం పల్లెవారు చాలావరకు తెలుగువారే. నోలియాలు అంటారు ఒడియావారు. తెప్పలు పోయి ఫైబరు పడవలు, మోటార్లు వచ్చినవి గాని భాష పోలేదు. వల దులుపుతున్న ఒక ముసలామె మా అమ్మను చూసి, "చందువా తీసుకుంటావేటమ్మా?" అన్నది. రెండు నెలలనుంచి మూతబడి ఉన్న మా అమ్మ నోరు ఆ పిలుపుతో తెరుచుకుంది. ఏ ఊరు, ఎవరి తాలూకు, చేప ఎలా ఉన్నది, కోడలు చూస్తుందా లేదా... పావుగంటలో ఇద్దరూ ఇసుకలో చతికిలబడ్డారు. ఆ ముసలామె తాతలు బారువ దగ్గరనుంచి వచ్చారట. తాను పుట్టింది, పెరిగింది అంతా ఇక్కడేనట.

ఆమె మనుమడు అయిదేళ్ళవాడు గవ్వల దండలు అమ్ముతున్నాడు. నేను వాణ్ణే చూస్తూ కూర్చున్నాను. నాయనమ్మతో తెలుగు. బుడగలవాడితో ఒడియా. కలకత్తా దంపతులు బేరమాడితే వారికి బెంగాలీలో జవాబు. ఎక్కడా తడుముకోలేదు. పది రూపాయల దండ పదిహేనుకు అమ్మాడు కూడాను.

మా అమ్మ చేప సంచీలో వేసుకుంటూ నాతో, "వీడికి మాటలు రాకుండా పోయినాయా నాయనా?" అన్నది. అంతే. ఇంకొక్క మాట అనలేదు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మా తాతగారు ఈ ఊరికి వచ్చినప్పుడు ఇది మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఊరు అటునుంచి ఇటు వచ్చింది గాని మా ఇల్లు కదలలేదు. అంతటి మార్పులో కూడా ఇంట్లో ఆగని తెలుగును ఒక పంతులమ్మ మాటమీద నేను ఆపించాను. ఆపించినందువల్ల పిల్లకు ఒక్క మాటైనా పెరిగిందా? నా దగ్గర లెక్క ఉన్నది. గుమాస్తా బుద్ధి కదా, దసరానుంచి ఒక పాత నోటుబుక్కులో గీత గీసి, ఎడమవైపు పిల్ల అనే తెలుగు మాటలు, కుడివైపు ఒడియా మాటలు వ్రాస్తున్నాను. కుడివైపు కాస్త పెరిగింది. ఎడమవైపు నవంబరు తరువాత ఒక్క మాటా చేరలేదు.

శనివారం పిల్లను తీసుకుని చెవుల పరీక్షకు వెళ్ళాము. ఈ పని దసరాకే చేయవలసింది. మాటలు ఆలస్యమైన పిల్లకు మొదట చూడవలసినది చెవులనట. చెవులు బాగున్నవి. డాక్టరుగారు నా నోటుబుక్కు చూసి నవ్వలేదు, అందుకు ఆయనకు నమస్కారం. "రెండు వైపులా కలిపి కూడండి. రెండు భాషల పిల్లకు లెక్క అలాగే కట్టాలి. ఒక వైపే చూస్తే ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది" అన్నారు. రెండు భాషలు వినడంవల్ల మాటలు ఆలస్యం కావని, ఒకే వాక్యంలో రెండూ కలిపినా అది తప్పు కాదని, పిల్లతో ఎక్కువసేపు మాట్లాడేవారు ఎవరో వారినే ఎక్కువ మాట్లాడనివ్వమని చెప్పారు. పిల్లకు ఆలస్యం లేదని మాత్రం అనలేదు. కొంత ఉన్నది, ఆరు నెలల తరువాత మళ్ళీ తీసుకురమ్మన్నారు. బయటికి వచ్చాక మా ఆవిడ, "ఇంట్లో ఎక్కువసేపు మాట్లాడేది ఎవరు?" అన్నది. జవాబు ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వచ్చి అమ్మతో చెప్పాను. "సరేలే" అన్నది. కాని వెంటనే మాట్లాడలేదు. ఆపమన్నంత సులువు కాదు కాబోలు మొదలుపెట్టమనడం.

ఆదివారం రంభ. ప్రొద్దున బండిలో కిటికీ పక్క చోటు దొరికింది. ఛత్రపురం దాటాక ఋషికుల్య వంతెన, తరువాత హుమ్మా దగ్గర ఉప్పు మళ్ళు, ఆ తరువాత కొండలు దగ్గరకు వస్తాయి. స్టేషను దిగి ఆటోలో ఒడ్డుకు పోతే, కొండల కాళ్ళు కడుగుతున్నట్లు చిలికా. నది కాదు, సముద్రం కాదు, రెంటి నీళ్ళూ కలిసిన ఉప్పుటేరు సరస్సు. ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 దాటుతుంది. 1981లో మన దేశంనుంచి మొట్టమొదట రామ్‌సర్ చిత్తడినేలల పట్టికకు ఎక్కిన రెంటిలో ఇది ఒకటి, రెండవది భరత్‌పూర్.

పడవకు లైఫ్ జాకెట్లు తొడుగుతారు. పిల్లకు తొడిగినది దాని మోకాళ్ళదాకా వచ్చింది. మోటారు చప్పుడుకు మొదట నా భుజంలో మొహం దాచుకుంది. ఖళ్ళికోట రాజావారి పాత గది శిథిలమై ఉన్న బ్రేక్‌ఫాస్ట్ దీవి, కంపెనీ దొరల నాడు రాతిగుట్టమీద కట్టిన దీపస్తంభం చూపించారు. దానికి అవేమీ పట్టలేదు. దానికి పట్టినవి పక్షులు.

ఈ కాలంలో సైబీరియానుంచి, మంగోలియానుంచి, కాస్పియన్ సముద్ర తీరాలనుంచి పక్షులు ఇక్కడికి చలి కాచుకోవడానికి వస్తాయి. తలమీద రెండు నల్లని అడ్డగీతలున్న బాతులు హిమాలయాలు దాటి వస్తాయి. 2023 జనవరిలో అటవీశాఖవారు లెక్కపెడితే 11 లక్షలకు పైగా తేలినవి. వాటిలో చాలా పక్షులు ఉండేది నలబణ దీవి దగ్గర, అది వానాకాలంలో నీట మునిగిపోయే దీవి. అంతదూరం మేము వెళ్ళలేదు. రంభ వైపు కూడా దూరాన నీటిమీద నల్లని చారలా బాతులు కనిపించినవి. పడవ వెంట తెల్లని సముద్రపు పక్షులు అరుస్తూ వచ్చినవి. మరొక పడవలోవారు వాటికి మరమరాలు విసురుతున్నారు. మా పడవవాడికి అది నచ్చలేదు. "అవి చేపలు తినే పిట్టలు బాబూ, మూఢీ కాదు" అన్నాడు ఒడియాలో. సముద్రపు మొగ పూడుకుపోయి చేపలు తగ్గిపోయిన రోజులు అతనికి గుర్తున్నవి. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వాక మళ్ళీ పెరిగినవట.

అతను ఆ మాట చెబుతూండగానే పిల్ల మా అమ్మ కొంగు పట్టుకుని లాగి, "నానమ్మా, చొఢెయి వచ్చింది, మూఢీ పెట్టు" అన్నది.

చొఢెయి అంటే ఒడియాలో పిట్ట. మూఢీ ఒడియా. తక్కినది మాది. దాని నోట అంత పొడుగు మాట మేము అంతకుముందు వినలేదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పెద్దవాడు ఫోను తీసి "మళ్ళీ అను, మళ్ళీ అను" అని పిల్లను విసిగించాడు, అది అనలేదు.

అమ్మ మాత్రం ఏ వింతా జరగనట్టే, "పెట్టకూడదట తల్లీ, అదిగో పడవ మావయ్య కోప్పడుతున్నాడు. అవి చేపలే తింటాయట" అని మొదలుపెట్టింది. మొదలుపెట్టినది ఒడ్డు చేరేదాకా ఆపలేదు. కాళీజాయి దీవి ఏ వైపో పడవవాణ్ణి అడిగింది. అతను బాలుగావ్ వైపు చెయ్యి చూపించాడు. ఇక ఆ కథ. కొత్తగా పెళ్ళయిన జాయి అనే పిల్లను తండ్రి పడవలో అత్తవారింటికి తీసుకువెళుతూంటే గాలివాన వచ్చి పడవ బోల్తా పడిందని, అందరూ బతికి ఆ పిల్ల ఒక్కతే కనిపించలేదని, చీకట్లో దాని గొంతు మాత్రం వినిపించిందని, ఆమే ఇప్పుడు పడవవారిని కాచే అమ్మవారని, సంక్రాంతికి అక్కడ పెద్ద జాతర అని. ఈ కథ అమ్మకు పక్కింటి ఒడియావారు చెప్పినది. తెలుగులో ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారేమో. పిల్లకు ఎంత తెలిసిందో గాని, అమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా దాని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

తిరుగు బండిలో పిల్ల నిద్రపోయింది. అమ్మ కిటికీలోనుంచి చూస్తూ, "నన్ను తీసుకొచ్చినప్పుడు నాన్న సోంపేట స్టేషనులో ఇంతసేపు బండి ఆగితే బాగుండును అనుకున్నాడట" అన్నది. నేను ఆ మాట ఎన్నడూ వినలేదు.

జనవరిలో బడి తెరిచాక పిల్ల డైరీలో, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నామని, డాక్టరుగారి సలహా ఇదని వ్రాసి పంపాను. పంతులమ్మ కింద సంతకం చేసి పంపింది, అంతే. నోటుబుక్కు కొనసాగుతున్నది గాని మధ్య గీత కొట్టివేశాను. మూఢీ ఏ వైపు వ్రాయాలో తేలలేదు. మా ఇంట్లో మా తాతగారి నాటినుంచీ అందరమూ దాన్ని మూఢీ అనే అంటున్నాము.